బావి కరెంటు బండికి కాదు: ఛార్జింగ్ ఏ సాకెట్‌లో పెట్టాలి?



కూరగాయలు, పాలు ఎలక్ట్రిక్ బండి మీద అమ్మకానికి తీసుకుపోతున్న వీడియో పెట్టినప్పటి నుంచి ఎక్కువ మంది అడుగుతున్నది పంట గురించి కాదు. "అన్నా, ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నవ్? ఇంట్ల మామూలు ప్లగ్గుకు పెడితే ఏమన్న అయితదా? బావి కాడ పెట్టుకోవచ్చా?" ఇదే ప్రశ్న. మా ఇంటి బోర్డు పై వీడియోలో చూపించాను. ఎందుకు అట్లా పెట్టించానో ఇక్కడ రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా, కరెంటు పని కాదు. తీగ ముట్టే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. కానీ ఏం అడగాలో మనకు తెలిసి ఉండాలి.

నా అభిప్రాయం ఒక్క ముక్కలో: బండి ఛార్జింగ్ ఇంటి మీటర్ మీద, బండి కోసమే వేసిన 16 ఆంప్స్ సాకెట్‌లో ఉండాలి. బావి కాడి స్టార్టర్ డబ్బాలో నుంచి తీయొద్దు.

ఇంట్లో సాకెట్లు అన్నీ ఒక్కటి కాదు

మన ఇళ్లల్ల రెండు రకాలు ఉంటాయి. చిన్న పిన్నులది 6 ఆంప్స్ (పాత ఇళ్లల్ల 5). లావు పిన్నులది 16 ఆంప్స్ (పాత లెక్కలో 15). 230 వోల్టుల మీద చిన్నది 1,380 వాట్ల దాకా, పెద్దది 3,680 వాట్ల దాకా మోయాలి.

స్కూటర్ ఛార్జర్లు చాలా వరకు 650 నుంచి 850 వాట్లు. అంటే 3, 4 ఆంప్స్. లెక్క ప్రకారం చిన్న సాకెట్ సరిపోతది. మరి ఎక్కడ తేడా వస్తది? గంటల దగ్గర. మిక్సీ పది నిమిషాలు తిరిగి ఆగిపోతది. బండి ఐదారు గంటలు ఆగకుండా లాగుతది. సాకెట్ లోపల పత్తి వదులుగా ఉన్నా, స్క్రూ బిగువు లేకున్నా ఆ ఒక్కచోట వేడి పుడుతది. వేడికి పత్తి ఇంకా వదులైతది, వదులుకు ఇంకా వేడి. ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతది, తర్వాత వాసన వస్తది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన మందమర్రిలో ఆ వేడి చల్లారే దారి కూడా తక్కువ.

సామాన్ల ఆటో అయితే లెక్క మారిపోతది. మహీంద్రా ట్రియో జోర్ లాంటి దాంట్లో బ్యాటరీ 7.37 యూనిట్లు. అది 16 ఆంప్స్ సాకెట్‌లో సుమారు నాలుగు గంటలు పడుతది. కారుకు ఇచ్చే 3.3 కిలోవాట్ల ఛార్జర్ అయితే 14 ఆంప్స్ పైనే లాగుతది. దీనికి కన్వర్టర్ పిన్ను పెట్టి చిన్న సాకెట్‌లో గుచ్చడం, ఎక్స్‌టెన్షన్ బాక్సు వేసి వాకిట్లకు లాగడం, రెండూ వద్దే వద్దు.

ఇంకో సంగతి. సాయంత్రం లో-వోల్టేజీ వస్తే లోడు తగ్గుతుందని చాలా మంది అనుకుంటారు. చాలా ఛార్జర్లకు అది ఉల్టా. వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి ఎక్కువ ఆంప్స్ లాగుతాయి. 230 వోల్టుల దగ్గర 3 ఆంప్స్ పైచిలుకు లాగే 750 వాట్ల ఛార్జర్, 180 దగ్గర 4 దాటుతది. అందుకే రాత్రి అందరూ పడుకున్నాక పెట్టుకోవడం మంచిది అంటారు. వోల్టేజీకి మంచిదే. కానీ ఎవరూ చూడని టైం అది కాబట్టి, ఆ సాకెట్ ఇంకా గట్టిగా ఉండాలి.

ఎలక్ట్రీషియన్‌ను అడగాల్సినవి ఇవి: మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఛార్జర్‌కు తగ్గ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, పని చేసే ఎర్తింగ్. ఎంసీబీ తీగను కాపాడుతది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వాన తడిసిన చేతులతో, పేడ చేతులతో బండి ముట్టేది మనమే కదా.

ఎర్తింగ్ గుంత గురించి మన బొగ్గు బెల్టులో ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పు, బొగ్గు వేయాలి అంటే ఇంట్లో ఉన్న రాక్షసి బొగ్గు వేసేస్తారు. అక్కడ కావాల్సింది కట్టె బొగ్గు. అది తేమను పట్టి ఉంచుతది. గని బొగ్గు ఆ పనికి రాదు. గుంతలో నెలకోసారి నీళ్లు పోయండి.

బావి కాడ ఎందుకు వద్దు?

మొదటిది ప్రాణం. స్టార్టర్‌కు వచ్చేది మూడు ఫేజులు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు దాటి ఉంటది, ఛార్జర్ దానికి చేసింది కాదు. న్యూట్రల్ లేని చోట ఒక ఫేజు తీసి, రెండో తీగను భూమిలో పాతిన రాడ్డుకు కట్టి బల్బు వెలిగించే అలవాటు మన దగ్గర ఉంది. అదే పద్ధతిలో బండి పెడితే ఆ రాడ్డు చుట్టూ తడి నేల మీద నడిచే మనిషికి, ఆవుకు షాక్ కొట్టే ప్రమాదం ఉంటది. మనం జీవామృతం కోసం కట్టేసుకున్న ఆవు అదే నేల మీద ఉంటది.

రెండోది చట్టం. వ్యవసాయ కనెక్షన్ పంటకు నీళ్ల కోసం ఇచ్చింది. ఇచ్చిన పనికి కాకుండా వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం. ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్క కట్టవచ్చు.

మూడోది నాకు అన్నింటికంటే ముఖ్యం. ఉచిత కరెంటు 2004లో మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు అయింది. ఉచిత కరెంటు దండగ అనే మాట ప్రతి ఏడాది ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మనం మోటారు కాడ బండ్లు, కార్లు ఛార్జింగ్ పెడితే, ఆ మాటకు మనమే సాక్ష్యం ఇచ్చినట్టు. నష్టపోయేది బోరు తప్ప ఇంకో ఆధారం లేని చిన్న రైతు. ఎరువుల సబ్సిడీ జోలికి పోకుండా సేద్యం చేస్తున్నాం అని గర్వంగా చెప్పుకునే మనం, నీళ్ల కోసం ఇచ్చిన దాన్ని బండికి పోసుకోవడం ఏం న్యాయం?

"ఒక్క స్కూటర్‌కు ఎంత అయితది, మూడు నాలుగు యూనిట్లే కదా" అంటారు. నిజమే. అంత తక్కువే అయితే ఇంటి మీటర్ మీద కట్టుకోవడానికి ఏం బాధ?

జీరో బిల్లు లెక్క చూసుకోండి

ఇంటి దగ్గర బండి పెట్టుకోవడానికి వేరే అనుమతి అక్కర్లేదు. ఇంట్లో సొంత ఛార్జింగ్‌ను కేంద్ర విద్యుత్ శాఖ 2018 మార్గదర్శకాల్లోనే అనుమతించింది. కానీ గృహజ్యోతి ఉన్నవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే పైవాటికే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. రోజుకు 3 యూనిట్లు బండికి పోతే నెలకు 90. ఇంటి వాడకం 120 ఉంటే 210 అయిపోతది, వెయ్యికి పైన బిల్లు వస్తది. మీటర్ రీడింగ్ వారానికోసారి రాసుకోండి. ఇంటి మీద సోలార్ పెట్టుకునే స్తోమత ఉంటే ఇంకా మంచిది. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, స్కూటర్‌కు సరిపోతది.

"మన కరెంటు బొగ్గుదే కదా?"

అవును. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల ప్లాంటు, రామగుండంలో ఎన్‌టీపీసీ మన కళ్ల ముందే ఉన్నాయి. మన బండికి పొగగొట్టం లేదు, దాని పొగ అక్కడ లేస్తుంది. మోటారు పెట్రోలు ఇంజిన్ కంటే చాలా తక్కువ శక్తి వృథా చేస్తుంది కాబట్టి ఎలక్ట్రిక్ బండి లాభమే. కానీ కూరగాయల సంచి మీద "కాలుష్యం లేని డెలివరీ" అని రాసుకోవద్దు అంటాను. గని మీద బతికే ఊళ్లో ఆ మాట అబద్ధమని చిన్న పిల్లగానికి కూడా తెలుసు. మన దగ్గర కొనేవాళ్లు మన మాట నమ్మి కొంటున్నారు.

200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి అని కొలిచి జీవామృతం కలిపేవాళ్లం మనం. సాకెట్ దగ్గర మాత్రం "నడుస్తది తియ్" అనొద్దు.

ఈ రోజు బండి ఛార్జింగ్ పెట్టిన అరగంటకు స్విచ్ ఆపి, ప్లగ్గు ప్లాస్టిక్‌ను ముట్టి చూడండి. వేడిగా ఉంటే మళ్లీ పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి.