త్రవ్వకముందే కనబడిన రామెసేసు



బోరు వేయకముందు పొలములో ఇనుప కడ్డీలు వరుసగా నాటి, కరెంటు పంపి, మీటరు చూచుట మీలో అనేకులు ఎరిగినదే. తడి నేలలో కరెంటు సులువుగా పోవును, గట్టి రాతిలో పోదు. 1946లో ఇంగ్లండులో రిచర్డ్ అట్కిన్సన్ అను శాస్త్రజ్ఞుడు ఇదే ఉపాయముతో పూడిపోయిన పాత కందకములను కనుగొనెను. పార వేయకుండ భూమిలోనిది తెలిసికొను ఈ విద్య మన బైబిలు పట్టణమొకదానికి కూడ పనికివచ్చినది.

నిర్గమకాండము 1:11లో ఇశ్రాయేలీయులు వెట్టిచాకిరితో కట్టిన పట్టణములలో రామెసేసు ఒకటి. 1929 నుండి తానిసులో, అనగా మన బైబిలులోని సోయనులో, త్రవ్వించిన పియెర్ మాంటె అను ఫ్రెంచి పండితుడు రామెసేసు రాజు పేరుగల రాళ్లు చూచి ఇదే ఆ పట్టణమనుకొనెను. కాదు. నైలు పాయ పూడిపోగా తరువాతి రాజులు ఆ రాళ్లను దక్షిణముననున్న పాత రాజధానినుండి మోయించుకొనిపోయిరి. ఆ పాత రాజధాని స్థలములో నేడున్నది కంతీర్ అను పల్లె, దాని చుట్టు పైరు పొలములు. రైతుల భూములన్నియు త్రవ్వుట ఎట్లు? 1996 నుండి ఎడ్గార్ పుష్ నాయకత్వమున జర్మనీవారు మాగ్నెటోమీటరు పట్టుకొని పొలములలో వరుసవెంబడి వరుస నడిచిరి. పచ్చి ఇటుక గోడకును, చుట్టునున్న మట్టికిని, కాలిన పొయ్యికిని అయస్కాంత గుణములో స్వల్ప భేదముండును. ఆ యంత్రము దానిని పట్టును. మోయువాని ఒంటిమీద ఇనుప బకిలైనను ఉండరాదు! దాదాపు 500 ఎకరములలో వీధులు, ఇండ్లు, పెద్ద భవనములు పటముమీద తేలినవి.

ఇది విని కొందరు బోధకులు, "సైన్సు నిర్గమమును రుజువు చేసినది" అని ప్రకటించుచున్నారు. అట్లు చెప్పవద్దని మా మనవి. యంత్రము గోడను చూపును గాని దానికి మట్టి తొక్కినవారెవరో చూపదు. రెండవ రామెసేసు ఏలినది క్రీ.పూ. 1279-1213, 1 రాజులు 6:1 లెక్కప్రకారము నిర్గమము క్రీ.పూ. 1446 ప్రాంతమున జరిగినది. ఆ పేరు తరువాతి లేఖకుడు వ్రాసినదని కొందరు, 480 సంవత్సరములు తరముల లెక్కయని మరికొందరు చెప్పుదురు. ఇరువురిలోను భక్తిగలవారున్నారు. కాలేజీకి వెళ్లిన మన పిల్లలు ఈ సంగతి ఏదో ఒక పుస్తకములో చదువుదురు. వేదికమీద మనము ఎక్కువ చెప్పితిమని వారికి తెలిసిన దినమున సువార్తను కూడ అనుమానింతురు. కాబట్టి మేము యౌవనస్థుల కూటములలో రెండు లెక్కలను ఉన్నవున్నట్టుగానే చెప్పుచున్నాము.

ఆ పటములో త్రవ్వి చూచినది బహు కొద్ది భాగమే. మిగిలినదంతయు ఇంకను పైరు క్రిందనే ఉన్నది.