ఎడారి పందెం – వెనుదిరిగే వివేకం

ఆఫ్రికా ఖండాన్ని సొంత కారులో దాటిరావాలనే ఉబలాటం ఐరోపాలోని సంపన్న యువకులకే పరిమితమని ఒకప్పుడు అనుకునేవారం. ఆ కాలం గడచిపోయింది. మాధవరం లారీ టెర్మినల్ చుట్టూ ఉన్న షెడ్లలో ఇంజన్లు విప్పి బిగించే తెలుగు కుర్రవాళ్ల నోట కూడా నేడు డకార్ ర్యాలీ పేరు వినబడుతోంది. ఇందులో వింత లేదు. మాధవరం నుండి గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు మీద ఉత్తరంగా వెళితే రెడ్ హిల్స్ దాటాక వచ్చే చోళవరంలోనే, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల పట్టీ మీద, 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దశాబ్దాల తరబడి పందేలు నడిపింది. 2015లో బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడైనాడు. 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా, మన సరిహద్దు పట్టణమైన హోసూరులో కర్మాగారం ఉన్న టీవీఎస్ సంస్థ భాగస్వామిగా ఉన్న జట్టు పక్షాన పోటీచేసి, ర్యాలీ-2 తరగతిలో ప్రథముడుగా నిలిచాడు.

అయితే ఒక విషయం గమనించదగినది. ఈ ఇద్దరూ పోటీచేసిన డకార్ ర్యాలీ ఆఫ్రికాలో జరిగినది కాదు. సంతోష్ పూర్తిచేసినది దక్షిణ అమెరికాలో, హరిత్ గెలిచినది సౌదీ అరేబియాలో. పేరు మాత్రం సెనెగల్ రాజధానిది. పేరు ఒకచోట, పందెం మరొకచోట ఎందుకు అయినాయన్న ప్రశ్నకు సమాధానం తెలుసుకుంటే, ప్రమాదం పొంచి ఉన్న దేశానికి బయలుదేరేవారు ఎలా సిద్ధపడాలో కూడా తెలుస్తుంది.

2008 జనవరి 4: ఆగిపోయిన పందెం

2007 డిసెంబరు 24న మారిటానియా దేశంలో అలెగ్ పట్టణ సమీపాన నలుగురు ఫ్రెంచి యాత్రికులను ముష్కరులు కాల్చి చంపారు. కొద్ది రోజులలోనే ఆ దేశ సైనికులపైన కూడా దాడి జరిగింది. డకార్ ర్యాలీ 30వ పోటీ 2008 జనవరి 5న పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుండి ప్రారంభం కావలసి ఉంది. మొత్తం 15 దశలలో 8 దశలు మారిటానియా గుండానే సాగాలి. వెళ్లవద్దని ఫ్రెంచి ప్రభుత్వం గట్టిగా హెచ్చరించింది. ర్యాలీకే నేరుగా బెదిరింపులు వచ్చాయి. బయలుదేరడానికి ఒక్కరోజు ముందు, జనవరి 4న, నిర్వాహకులు పందేన్ని రద్దుచేశారు. ఆ ర్యాలీ చరిత్రలో అటువంటి నిర్ణయం అదే మొదటిసారి. 2009 నుండి 2019 వరకు పందెం దక్షిణ అమెరికాలో జరిగింది. 2020 నుండి సౌదీ అరేబియాకు మారింది.

లిస్బన్‌లో ఆనాడు నిలిచిపోయిన వందలాది వాహనాలలో పెద్ద కంపెనీలవి కొన్నే. తక్కినవి ఔత్సాహికులవి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో బండి కట్టుకుని, ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవారు వారు. వారి దుఃఖం చిన్నది కాదు. కాని వారందరూ ప్రాణాలతో ఇళ్లకు చేరారు. వద్దని చెప్పగల అధికారం ఒకరి చేతిలో ఉండడం, ఆ అధికారాన్ని వారు సకాలంలో వినియోగించడం వల్లనే అది సాధ్యమైంది.

ముప్పు అంతకు ముందు లేనిది కాదు. 1991లో మాలీలో ర్యాలీ సహాయక లారీ నడుపుతున్న ఫ్రెంచి డ్రైవరు తుపాకి గుండుకు బలైనాడు. 2000లో నైజర్‌లో దాడి జరుగుతుందన్న సమాచారం రాగా, వాహనాలను, మనుషులను భారీ విమానాలలో ఎక్కించి లిబియాకు చేర్చి పందేన్ని కొనసాగించారు. అంతటి ధనబలం, యంత్రబలం ఉన్న సంస్థ కూడా 2008లో చేతులెత్తేసిందంటే, సొంత ఖర్చుతో పోయే ఔత్సాహికుడి స్థితి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆఫ్రికా ఒక దేశం కాదు

ఆఫ్రికా అనగానే అంతా ప్రమాదమేనని భయపడడం అజ్ఞానం. అక్కడ 54 దేశాలున్నాయి. కెన్యాలో 1953లో మొదలైన సఫారీ ర్యాలీని భారతీయ సంతతికి చెందిన జోగిందర్ సింగ్ 1965, 1974, 1976లలో మూడుసార్లు, శేఖర్ మెహతా 1973లో ఒకసారి, తిరిగి 1979 నుండి 1982 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచారు. ఆ ర్యాలీ 2021లో మళ్లీ ప్రపంచ స్థాయి పోటీలలో చేరింది.

పరిస్థితులు కాలంతో పాటు మారతాయి. 2008లో పందేన్ని ఆపిన మారిటానియా గుండానే ఆ తరువాత ఆఫ్రికా ఎకో రేస్ అనే పోటీ సాగింది. దాని పొరుగున ఉన్న మాలీ మాత్రం 2012 తిరుగుబాటు నుండి నానాటికీ దిగజారింది. 2020, 2021లలో అక్కడ సైనిక కుట్రలు జరిగాయి. 2023లో నైజర్ కూడా అదే బాట పట్టింది. 2005లో మొదలైన బుడాపెస్ట్–బమాకో ర్యాలీ పేరులో నేటికీ మాలీ రాజధాని ఉన్నా, 2023లో ఆ ర్యాలీ ముగిసినది సియర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో. కనుక పదేళ్ల క్రిందట వెళ్లివచ్చినవారి అనుభవాన్ని నమ్ముకుని నేడు బయలుదేరరాదు. దూరపు కొండలు నునుపు. పాత మాటలలో విన్న కొండలు మరింత నునుపు.

కాగితాల సన్నాహం

సన్నాహమంటే టైర్లు, రేడియేటరు, అదనపు డీజిలు డబ్బాలు మాత్రమేనని మన యువకులు భావిస్తారు. ఆ పని మన మెకానిక్కులకు ఎవరూ నేర్పనక్కరలేదు. చిక్కంతా కాగితాలలోనే ఉంది.

మన దేశపు మోటారు బీమా భారత సరిహద్దులోపలనే చెల్లుతుంది. అదనపు రుసుము చెల్లించినా నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు మాత్రమే విస్తరిస్తుంది. ఆఫ్రికాలో అక్కడి బీమా కొనక తప్పదు. కెన్యా, ఈజిప్టు వంటి దేశాలలోకి సొంత బండి తీసుకుపోవాలంటే కార్నెట్ అనే సుంకపు హామీపత్రం కావాలి. దీనికి ముందుగా భారీ ధరావతు లేక బ్యాంకు హామీ ఇవ్వాలి. బండి మధ్యదారిలో చెడిపోయినా, దానిని వదలి ప్రాణం దక్కించుకుని వచ్చినా, ఆ దేశం సుంకం అడుగుతుంది. ప్రమాద సమయంలో బండిని వదలడానికి మనసొప్పకపోవడానికి ఈ ధరావతు ఒక ముఖ్య కారణం. కనుక ఆ సొమ్ము పోయినట్లేనని ముందే మనసుకు చెప్పుకోగలవాడే బయలుదేరడానికి అర్హుడు.

పసుపు జ్వరం టీకా చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 2016 నుండి ఆ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ జ్వరమున్న దేశాల నుండి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే నిర్బంధ వైద్య పరిశీలనలో ఉంచే అవకాశముంది. ఎడారిలో ప్రాణాధారమైన శాటిలైట్ ఫోన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అనుమతి లేకుండా దానిని భారతదేశానికి తెస్తే చట్టరీత్యా నేరమవుతుంది.

అన్నిటికన్నా మించిన విషయం వ్యక్తిగత ప్రయాణ బీమా. ప్రభుత్వం వెళ్లవద్దన్న ప్రాంతానికి వెళ్లినవారికి, యుద్ధంలో చిక్కుకున్నవారికి సాధారణ పాలసీలు పరిహారం చెల్లించవు. పాలసీ పత్రంలోని మినహాయింపుల భాగాన్ని చదివించుకోకుండా సంతకం పెట్టడం అవివేకం.

1982లో నాటి బ్రిటిష్ ప్రధాని కుమారుడు మార్క్ థాచర్ ఇదే ర్యాలీలో సహారా ఎడారిలో దారితప్పి 6 రోజులు కనిపించకుండా పోయిన సంగతి పెద్దలకు గుర్తుండవచ్చు. ఆయన, ఆయన సహచరులు చెడిపోయిన కారును విడిచిపోలేదు. అందువల్లనే అల్జీరియా సైనిక విమానం కంటికి ఆ కారు కనిపించింది. ప్రధాని కొడుకు కనుక విమానాలు గాలించాయి. మాధవరం కుర్రవాడి కోసం, సత్యవేడు కుర్రవాడి కోసం ఎన్ని విమానాలు లేస్తాయో ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం.

పందెం లేకుండానే ఆ దారిన పోయేవారు

ర్యాలీకి పోవాలనుకునేవారు మనలో వేళ్ల మీద లెక్కించదగినవారే. కాని ఆ దేశాలకే పొట్టకూటికి పోయేవారు అనేకులు. వారికి సహాయక వాహనం లేదు, వైద్య హెలికాప్టరు లేదు, రద్దు చేస్తున్నామని ప్రకటించే నిర్వాహకుడు లేడు.

2025 జులై 1న మాలీలోని కాయెస్ ప్రాంతంలో సిమెంటు కర్మాగారంపై సాయుధులు దాడిచేసి ముగ్గురు భారతీయులను అపహరించారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కాయెస్ పట్టణం డకార్ నుండి బమాకో పోయే దారిలో ఉన్నదన్నది గమనార్హం. అదే నెల 15న నైజర్‌లోని దోసో ప్రాంతంలో జరిగిన దాడిలో ఇద్దరు భారతీయులు మరణించగా ఒకరు అపహరణకు గురయ్యారు. నవంబరులో మాలీలో విద్యుదీకరణ పనులు చేస్తున్న ఐదుగురు తమిళనాడు వారిని ఎత్తుకుపోయారు. 2025 సెప్టెంబరు నుండి మాలీకి ఇంధనం తెచ్చే ట్యాంకర్లను సాయుధులు దారికాచి తగులబెట్టారు. లారీ స్టీరింగు మీద బ్రతికే మాధవరం వంటి ఊరికి ఈ వార్త అర్థమైనంతగా మరెవరికి అర్థమవుతుంది?

ఇంకొక ఉదంతం మరింత బోధప్రదమైనది. లిబియా నుండి వచ్చేయవలసిందిగా మన ప్రభుత్వం 2014లోనే భారతీయులను కోరింది. 2015 జులై 29న సిర్తే నగర సమీపంలో నలుగురు భారతీయ అధ్యాపకులు నిర్బంధానికి గురయ్యారు. ఇద్దరు కన్నడిగులు రెండు రోజులలో బయటపడ్డారు. తక్కిన ఇద్దరు తెలుగువారు. వారు 2016 సెప్టెంబరులో, అంటే ఏడాదికి పైగా గడచిన తరువాత విడుదలైనారు. వారు పట్టుబడినది స్వదేశానికి బయలుదేరిన దారిలోనే. ఉద్యోగం, రావలసిన జీతం, ఇంటి అప్పు మనిషిని ఇంకొక నెల, ఇంకొక నెల అని ఆపుతాయి. ఈలోగా దారి మూసుకుపోతుంది. తప్పు వారిది అనడం అన్యాయం. వెనుదిరిగే రోజును ముందే నిర్ణయించే ఏర్పాటు వారికి లేకపోయింది.

చట్టంలోని వెలితి

పదవ తరగతి దాటని కార్మికులు విదేశాలకు వెళ్లేటప్పుడు వలస అనుమతి తీసుకోవాలన్న నిబంధన 18 దేశాలకు మాత్రమే వర్తిస్తుంది. ఆఫ్రికా నుండి ఆ జాబితాలో ఉన్నవి లిబియా, సుడాన్, దక్షిణ సుడాన్. మాలీ గాని, నైజర్ గాని అందులో లేవు. అంటే కువైట్‌కు పోయే తాపీమేస్త్రీ కాగితాలను అధికారి పరిశీలిస్తాడు. సాయుధులు సంచరించే ప్రాంతానికి పోయే మేస్త్రీ కాగితాలను ఎవరూ అడగరు. ఈ జాబితా గల్ఫ్ దేశాల యజమానుల మోసాలను దృష్టిలో ఉంచుకుని తయారైనది. నేటి ప్రమాదం యజమాని నుండి మాత్రమే కాదు, దారి నుండి కూడా వస్తున్నది. జాబితాను తిరగరాయవలసిన అవసరాన్ని ఇరు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు ఢిల్లీలో ప్రస్తావించాలి. సరిహద్దు గ్రామాల సమస్య మరొకటి: తడ వైపు కుటుంబం ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంఘాన్ని ఆశ్రయించాలి, ఆరంబాక్కం వైపు తెలుగు కుటుంబం తమిళనాడు ప్రవాస తమిళుల సంక్షేమ కార్యాలయానికి పోవాలి. ఆధార్‌లోని చిరునామా, పాస్‌పోర్టులోని చిరునామా వేర్వేరు రాష్ట్రాలవైతే ఆపద సమయంలో ఒక కార్యాలయం మరొక కార్యాలయాన్ని చూపుతుంది. ఈ రెంటినీ ముందే సరిచేసుకోవడం మన చేతిలోని పని.

ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసినవి

ర్యాలీకైనా, కొలువుకైనా కొడుకును సాగనంపే తల్లిదండ్రులు నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. మొదటిది, విదేశాంగ శాఖ ఆ దేశం గురించి ఇచ్చిన సూచన, దాని తేదీ. రెండవది, అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు అయినదా లేదా. మూడవది, ఏ సంఘటన జరిగితే, లేదా ఎన్ని రోజులు కబురు అందకపోతే ఫిర్యాదు చేయాలి. ఇందుకు 2015లో ప్రారంభమైన మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉన్నది. నాలుగవది, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు సొమ్ము. అది యజమాని వద్ద గాని, ఏజెంటు వద్ద గాని కాక ఇంటివారి పేరున బ్యాంకులో వేరుగా ఉండాలి.

2018 నుండి నెల్లూరు, తిరుపతి బస్సులు బయలుదేరుతున్న మాధవరం బస్ టెర్మినస్‌లో, ఊరికి పోవడానికి ఏ వేళకు ఏ బస్సు ఉన్నదో అడిగి తెలుసుకున్న తరువాతనే మన పెద్దలు నగరంలో పనికి దిగేవారు. సముద్రాలు దాటే ప్రయాణానికి ఆ పాటి జాగ్రత్త కూడా లేకపోవడం విచారకరం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటుగా మారరాదు. లిస్బన్‌లో నిలిచిపోయిన కార్ల యజమానులు ఆనాడు కంటతడి పెట్టారు గాని, వారి ఇళ్లలో ఎవరూ ఏడవలేదు. మన ఇళ్లకు కూడా కావలసినది అదే.