ఉస్మానియా విశ్వవిద్యాలయము: బోధనభాష

దేశభాషలలో ఉన్నతవిద్య గఱపుట కాని పని యని వాదించువారికి ప్రత్యుత్తరము హైదరాబాదు నగరముననే యున్నది. 1857 లో కలకత్తా, బొంబాయి, మదరాసులందు వెలసిన విశ్వవిద్యాలయములు మూడును ఇంగ్లీషున బోధించుటకే పుట్టినవి. అరువది యేండ్ల పిమ్మట ఒక ప్రభుత్వము తన బొక్కసమునుండి సొమ్ము వెచ్చించి, పట్టపరీక్షల వఱకును దేశభాషలో చదువు చెప్పు విశ్వవిద్యాలయమును స్థాపించెను. ఆ ప్రభుత్వము నిజాముది. ఆ భాష ఉర్దూ. ఆ పాలనమును మెచ్చుకొనుటకు తెలుగువారికి హేతువులు మిక్కిలి తక్కువ. అయినను ఉన్నమాట ఒప్పుకొనక తప్పదు.

1917 లో అక్బర్ హైదరీ సమర్పించిన విన్నపముపై మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువరించెను. 1918 లో విశ్వవిద్యాలయ మేర్పడెను. 1919 లో తరగతులు మొదలయ్యెను. మనము ముఖ్యముగా గమనింపవలసినది ఈ నడుమ జరిగిన పని. తరగతులకు ముందే అనువాదశాలను నెలకొల్పిరి. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి యధ్యక్షుడు. జోష్ మలీహాబాదీ వంటి కవి యంతటివాడు అందు జీతమునకు కుదిరి పనిచేసెను. శాస్త్రము తెలిసినవారును భాష తెలిసినవారును ఒకచోట గూర్చుండి పారిభాషిక పదములను నిర్ణయించిరి. పుస్తకములు లేవు గనుక పాఠములు చెప్పలేమని చేతులు ముడుచుకొనలేదు. పుస్తకములు వ్రాయించి పాఠములు చెప్పిరి. వైద్యమును, ఇంజనీరింగును సైత మట్లే బోధించిరి. ఇంగ్లీషును వెడలగొట్టనులేదు, భాషగా దానిని ప్రతి విద్యార్థియు చదువవలసియే యుండెను. రవీంద్రనాథ ఠాకూరు ఈ ప్రయత్నమును హర్షించెను.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని దేశభాష యనగా ఏ దేశమువారి భాష? ఆ సంస్థానమున ఇంచుమించు సగము మంది తెలుగువారు, నాల్గవ వంతు మహారాష్ట్రులు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట ఒక వంతునకు కొంచెము మించియుందురు. నల్లగొండలోనో ఓరుగంటిలోనో శిస్తు కట్టిన రైతు బిడ్డకు ఈ విద్యాలయపు భాష ఇంగ్లీషువలెనే పరాయిది. పైగా నగరమున కలవారి బిడ్డలు చదివిన నిజాం కళాశాల మాత్రము 1947 వఱకును మదరాసు విశ్వవిద్యాలయమునకు లోబడి ఇంగ్లీషులోనే బోధించుచుండెను! తెలుగు శాఖ యొకటి యుండినది, అందు రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఆచార్యత్వము నెఱపెను. అది తెలుగును ఒక పాఠ్యాంశముగా నిలిపినదే కాని శాస్త్రములకు వాహికగా చేయలేదు. 1938 లో వందేమాతరము పాడినందులకు విద్యార్థులను వెడలగొట్టగా, వారిలో పెక్కురను నాగపుర విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. పాఠము చెప్పు భాషయే కాదు, పాడుకొను పాటయు ప్రభువు నిర్ణయించినదే కావలసివచ్చెను.

1948 లో సంస్థానము భారతదేశమున చేరెను. అప్పుడు ఉర్దూను తొలగించిరి. అందులకు న్యాయము లేకపోలేదు. ఆ పీఠమున ఇంగ్లీషును కూర్చుండబెట్టిరి, అందులకు న్యాయమెక్కడిది? ముప్పదేండ్ల అనుభవము చేతిలో నుండెను. పదములు ఎట్లు కూర్పవలెనో, పుస్తకములు ఎట్లు వ్రాయింపవలెనో తెలిసినవారు ఊరిలోనే యుండిరి. ఆ విద్యను తెలుగునకు మరల్చుటకు మాఱు మూలబడవేసిరి. భాష పేరనే 1956 లో రాష్ట్రమేర్పడినను, తెలుగు పాఠ్యగ్రంథములకై తెలుగు అకాడమి పుట్టుటకు 1968 వఱకు ఆగవలసివచ్చెను. దానికి తొలి యధ్యక్షుడు, వందేమాతర సమరమున పాల్గొన్న పి. వి. నరసింహారావే. అకాడమి డిగ్రీ తరగతుల వఱకు గ్రంథములు వెలువరించినది. అంతటితో దారి నిలిచినది. కొన్నిచోట్ల వెనుకకే తిరిగినది. 2021 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము డిగ్రీ చదువులన్నిటిని ఇంగ్లీషునకు మార్ప నిర్ణయించెను. ఆ యేటనే సాంకేతికవిద్యా మండలి ఇంజనీరింగును తెలుగు మొదలగు భాషలలో బోధింపవచ్చునని అనుమతించెను!

నేడు ఉస్మానియాలో సాహిత్యము, విజ్ఞానము, వాణిజ్యము, న్యాయము, ఇంజనీరింగు, విద్యాశాస్త్రము మున్నగు విభాగములు గలవు. జానపదుల పాటలను పరిశోధనకు తగిన వస్తువుగా నిలబెట్టి బిరుదురాజు రామరాజు డాక్టరు పట్టము పొందినది ఇచ్చటనే. నిజామియా నక్షత్రశాల 1919 లో విశ్వవిద్యాలయము చేతికి వచ్చెను. పిమ్మట రంగాపురము పల్లెకడ 48 అంగుళముల దూరదర్శిని నిలిపిరి. ఆ పల్లెబిడ్డ యొకడు ఆ దూరదర్శినిలో కనబడు దానిని తన భాషలో మొదటినుండి తుదిదాక చదువగోరినచో, వాని చేతిలో పెట్టుటకు మనకెన్ని గ్రంథములు గలవు?

ఇంగ్లీషు లేనిదే కొలువులు లేవని మా చదువరులలో భూములుగలవారు, పట్టణ గృహస్థులు పలువురు తలంతురు. ఇంగ్లీషు నేర్పవలదని మేమనుట లేదు. ఉర్దూ ఉస్మానియాయే దానిని మానలేదు గదా. మీ పిల్లలు ఎట్లయినను నెగ్గుకొనివత్తురు. తెలుగున పదేండ్లు చదివి వచ్చి, తరగతిలో విషయము తెలిసియు నోరు మెదపలేక కూర్చున్న విద్యార్థి సంగతియే మేము చెప్పుచున్నది.

1917 నాటి క్రమమునే మరల పాటింపవలెను: ముందు అనువాదశాల, పిదప తరగతి. భౌతికశాస్త్రమో, న్యాయశాస్త్రమో, ఒక్క శాఖతో మొదలుపెట్టినను చాలును. ఆచార్యులు తీఱిక వేళల చేయు పనిగా గాక, జీతమిచ్చి నియమించిన అనువాదకులతో ఇది సాగవలెను. తెలుగున వ్రాసిన సిద్ధాంతగ్రంథము ఏ శాఖకు చెందినదైనను పరీక్షకు స్వీకరింపవలెను. విశ్వవిద్యాలయ పాలకమండలి రాబోవు ఆయవ్యయపట్టికలో ఇందులకై వేఱుగా ఒక పద్దు చూపవలెనని కోరుచున్నాము.