రీల్‌లో కనిపించని జెట్‌స్కీ

నజారే అనే పేరు తెలియకపోయినా ఆ ఊరి రీల్ మీరు చూసే ఉంటారు. ముందు ఎర్ర లైట్‌హౌస్, దాని చుట్టూ జనం, వెనకాల ఎనిమిదంతస్తుల బిల్డింగంత అల, దాని మీద చీమంత మనిషి. పోర్చుగల్‌లో ఉందా ఊరు. సముద్రం అడుగున ఐదు కిలోమీటర్ల దాకా లోతున్న లోయ ఒకటి దాదాపు ఆ ఊరి ముందు దాకా వస్తుంది. అందుకే అట్లాంటిక్ తుఫాన్లు పుట్టించే అలలు అక్కడ అంతెత్తు లేస్తాయి. 2020 అక్టోబరులో జర్మన్ సర్ఫర్ సెబాస్టియన్ స్టూట్నర్ అక్కడే 86 అడుగుల అలెక్కి గిన్నిస్ రికార్డు కొట్టాడు.

రీల్ ఇరవై సెకన్లే. చూసి "దమ్మున్నోడ్రా" అనుకుని పైకి తోసేస్తాం. కానీ ఇది వాళ్లకి ఉద్యోగం. ఇందులో ఎక్కువ భాగం ఎదురుచూపే. సీజన్ అంతా వాతావరణ మ్యాపులు చూస్తూ కూర్చుంటారు. మిగతా టైమంతా ఊపిరి బిగబట్టడం, నీళ్లకింద చిక్కుకుంటే కంగారు పడకుండా ఉండటం, పక్కవాణ్ణి బయటికి లాగడం ప్రాక్టీస్ చేస్తారు. లాగితే గాలితో ఉబ్బే జాకెట్ ఒంటి మీద ఉంటుంది. పడితే తీయడానికి జెట్‌స్కీ మీద ఇంకొకరు తిరుగుతూ ఉంటారు. కొండ మీంచి రేడియోలో అలల గురించి చెప్పేవాళ్లు వేరే. రీల్‌లో వీళ్లు ఎవరూ కనపడరు.

బ్రెజిల్ అమ్మాయి మాయా గబేరా కథ చూడండి. 2013 అక్టోబరులో నజారేలో పడింది. కాలి ఎముక విరిగింది, నీళ్లలోనే స్పృహ పోయింది. ఆమెతో వచ్చిన కార్లోస్ బుర్లే ఒడ్డుకి లాగి, గుండె మీద నొక్కి ఊపిరి తెప్పించాడు. తర్వాత వెన్నుకి ఆపరేషన్లు, ఏళ్ల తరబడి రికవరీ. 2018 జనవరిలో అదే నజారేలో 68 అడుగుల అల, 2020 ఫిబ్రవరిలో 73.5 అడుగుల అల ఎక్కి మహిళల రికార్డు తన పేరున రాయించుకుంది. ఆమె దమ్ము గురించి ఎంతైనా చెప్పొచ్చు. కానీ ఆ రోజు బుర్లే అక్కడ లేకపోతే చెప్పుకోడానికి కథే ఉండేది కాదు.

మనవాళ్లలో ఇలాంటోళ్లు లేరా అంటే, సర్ఫింగ్ బోర్డు మీద కాదు గానీ పడవ మీద ఉన్నారు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవ ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. అందులో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ అమ్మాయిలే. కెప్టెన్ వర్తికా జోషి. మిగతా ఐదుగురిలో పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. పసిఫిక్‌లో గడ్డకట్టే చలి, రెండంతస్తుల ఎత్తు అలలు దాటుకుని 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టేశారు. చివర్లో స్టీరింగ్ మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. 254 రోజుల తర్వాత, మే 21న, ఆరుగురూ క్షేమంగా గోవాలో దిగారు.

అసలు విషయం అంతకు ముందే జరిగింది. ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చిన తొలి భారతీయుడు కెప్టెన్ దిలీప్ దొండే దగ్గర ఈ టీమ్ ట్రైనింగ్ తీసుకుంది. మాదేయి అనే ఇంకో పడవలో మారిషస్‌కీ, కేప్‌టౌన్‌కీ వెళ్లొచ్చాకే పెద్ద ప్రయాణానికి దిగారు. ఆన్‌కాల్ డ్యూటీ చేసే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే కావాల్సింది హీరో కాదు, బ్యాకప్.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను శంషాబాద్ వైపు వెళ్లే దారిలో హిమాయత్ సాగర్ ఉంది. మామూలు రోజుల్లో అక్కడ అలే ఉండదు. అసలు ఆ చెరువు పుట్టిందే ఒక పెద్ద అల వల్ల. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది ప్రాణాలు తీసింది. మళ్లీ అలా జరగకూడదని విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. నగరం కట్టుకున్న బ్యాకప్ అన్నమాట.

వానాకాలంలో ఆ గేట్లు ఎత్తితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. పోలీసులు బారికేడ్లు పెడతారు. అలాంటి చోట కొందరు బండి నీళ్లలోకి దింపుతారు, ఫ్రెండ్ వీడియో తీస్తుంటాడు. మోకాలి లోతే కదా అనుకుంటారు. ఒక ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు. వేగంగా పారితే అరడుగు నీళ్లు చాలు మనిషి కాళ్లు లాగేయడానికి. రెండడుగులుంటే కార్లనే తేల్చుకుపోతాయి.

మాయాకి బుర్లే ఉన్నాడు. స్వాతికి, ఐశ్వర్యకి ఇంకో నలుగురు ఉన్నారు. అక్కడ నీళ్లలోకి దిగేవాడికి ఎవరున్నారు? ఫోన్ పట్టుకున్న ఫ్రెండ్‌కి తాడు లేదు, జాకెట్ లేదు, చాలాసార్లు ఈత కూడా రాదు. వాడు జెట్‌స్కీ కాదు, కెమెరా మాత్రమే.

ఈసారి బారికేడ్ కనిపిస్తే బండి తిప్పేయండి. చుట్టూ తిరిగి వెళ్తే కాస్త లేటవుతుంది, అంతే.