మీ ప్రియదర్శిని మీరే చేసుకోండి!

'మాయాబజార్' అనగానే మీకు మొదట ఏం గుర్తొస్తుంది? లడ్లు అని నవ్వేవాళ్ళు కొందరు. వెన్నెల్లో పడవ అనేవాళ్ళు కొందరు. గద భుజాన వేసుకుని ఎస్వీ రంగారావు నడిచే నడక అనేవాళ్ళు ఇంకొందరు. మరి ప్రియదర్శిని మాటేమిటి?

అదేనండీ, మూత తీసి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపించే పెట్టె! ఈ కాలం కుర్రకారు దాన్ని చూసి "అదిగో ల్యాప్‌టాప్!" అని జోకులేస్తున్నారు. వేసుకోండి, తప్పులేదు. కానీ ల్యాప్‌టాప్ మనం అడిగింది చూపిస్తుంది. ప్రియదర్శిని మనం అడగనిది, లోపల దాచుకున్నది చూపిస్తుంది. అసలు తేడా అక్కడుంది.

ఆ సీను మరోసారి చూడండి. బలరాముడికి పెట్టెలో దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతికి మణిమాణిక్యాలు. శశిరేఖకు అభిమన్యుడు. కృష్ణుడికేమో శకుని! మనం నవ్వేసి ఊరుకుంటాం. కానీ 1957లో ఆ చిత్రం తీసిన కె.వి.రెడ్డిగారు మిగతా కథంతా అక్కడే చెప్పేశారు. పాండవులు జూదంలో ఓడి చేతులు ఖాళీ అవగానే ఆ మణిమాణిక్యాల రేవతే సంబంధం వద్దంటుంది. శిష్యుడి మీద మోజున్న బలరాముడే దుర్యోధనుడి మాటలకు పడిపోతాడు. ఒక్క పెట్టె, అందులో బొమ్మంతా!

ఇలాంటి పెట్టె నిజంగా చేసినవాడొకాయన ఉన్నాడు. పేరు జోసెఫ్ కార్నెల్ (1903–1972). న్యూయార్క్ నగరవాసి. బొమ్మల బడిలో చదువుకున్నవాడు కాడు. మొదట్లో బట్టల సేల్స్‌మన్‌గా పనిచేశాడు. తల్లి, జబ్బు మనిషైన తమ్ముడు, చిన్న ఇల్లు... అదే లోకం. పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన గాజు బిళ్ళలూ, పటాల ముక్కలూ, పాత ఫోటోలూ ఏరి తెచ్చి, చెక్కపెట్టెల్లో అమర్చి, ముందు అద్దం బిగించేవాడు. 1944లో 'టు హేవ్ అండ్ హేవ్ నాట్' అనే హాలీవుడ్ చిత్రంతో లారెన్ బెకాల్ తెరకెక్కింది. చిత్రీకరణ నాటికి ఆమెకి ఇరవై నిండలేదు. మన కార్నెల్ ఫిదా! అయితే అభిమాన సంఘం పెట్టలేదు, పెట్టె చేశాడు. నీలిరంగు గాజు వెనక ఆమె ముఖం, ఆమె చిన్ననాటి ఫోటోలు, న్యూయార్క్ మేడలు. పైనుంచి ఓ చెక్క బంతి వదిలితే లోపల దొర్లుకుంటూ కిందికి దిగుతుంది. ఫోటో ఆయనా వాడాడు, కానీ పోస్టరులా అంటించి వదిలేయలేదు. తారని చూస్తే తన మనసు ఎలా దొర్లిపోయిందో ఆ బంతితో చెప్పాడు.

మరి మనం? మీకో దారి చెబుతాను.

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకోండి. మూతని కిటికీలా కోసి, లోపలివైపు పల్చని ప్లాస్టిక్ షీటు అంటించండి. పెట్టె లోపల ముదురు నీలం కాగితం పరవండి. మార్కస్ బార్ట్‌లే నలుపు-తెలుపు వెన్నెలకి మనం వేసుకునే రంగు అది. కాగితానికి మైదా పేస్టు చాలు, మన పోస్టర్లు గోడకెక్కేది దానితోనేగా! గాజులకీ పూసలకీ మాత్రం గట్టి జిగురు కావాలి.

ఇక సామాన్లు. శకునికి లూడో పాచిక. దాన్ని నల్లదారంతో అందరి నెత్తిమీదా వేలాడదీయండి. రేవతికి చాక్లెట్ మీది బంగారు కాగితం. మాయా నగరానికి అగ్గిపెట్టెల ముందు అట్టలు చాలు, వెనకేమీ ఉండకూడదు! శశిరేఖకి ఓ గాజుముక్క, దాని ఎదురుగా చిన్న అద్దం. అసలు శశిరేఖ ఎవరో, మాయా శశిరేఖ ఎవరో చూసేవాళ్ళే తేల్చుకుంటారు. ఏదీ వెంటనే అంటించకండి. రెండు రోజులు అటూ ఇటూ జరిపి చూడండి. చోటు కుదిరిన వస్తువు మళ్ళీ కదలనంటుంది.

"మరి మా హీరో ఫోటో?" అంటారు, తెలుసు. హీరోకి హాలు ముందు కటౌటు ఎలాగూ ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు మనం ఈల వేసేది ఒకరికోసం. చీకట్లో గొంతు పట్టేసేది మరొకచోట. ఈ పెట్టె ఆ రెండో చోటుకి.

ఈ చిత్రంలో నాకా చోటు సుభద్ర. మేనకోడల్ని కోడలిగా చేసుకుందామని పుట్టింటి మాట నమ్ముకున్న ఆడపడుచు. సంపద పోగానే అన్నా వదినా మాట మార్చారు. కొడుకుని వెంటబెట్టుకుని ఆ ఇల్లు విడిచి వెళ్ళింది. రాక్షసుల మాయలు అలా ఉంచండి, ఇది మాత్రం మన వీధిలో కథ! అందుకే నా పెట్టెలో నడిమధ్యన బంగారు కాగితానికి వీపు చేసి ఓ చిన్న గుడ్డమూట ఉంటుంది. అంతే.

మీ మూట ఏదో మీరు వెతుక్కోండి. 'మాయాబజారే' అక్కర్లేదు, నిన్న చూసిన బొమ్మైనా సరే. ఒక్కటే షరతు: ఎవరైనా చూస్తే కాస్త సిగ్గేసే వస్తువు ఒక్కటైనా లోపల ఉండాలి. అది లేకపోతే అట్టపెట్టే మిగులుతుంది, ప్రియదర్శిని కాదు.

పూర్తయ్యాక ముందు స్నేహితులకి చూపించకండి. అమ్మకి చూపించండి. ఇందులో నువ్వైతే ఏం పెడతావమ్మా అని అడగండి. ఆమె తెచ్చి పెట్టే వస్తువు ఏదైనా సరే, ఎందుకని మాత్రం అడగొద్దు. కాసేపు పక్కన కూర్చోండి. ఆవిడే చెబుతుంది.