తీగ మోయగలిగినంతే బ్రేకరు

వేసవి ముదిరితే చాలు, పల్లెల్లోనూ ఇళ్లకు ఏసీలు వచ్చి చేరుతున్నాయి. గీజర్లు, ఇండక్షన్ పొయ్యిలు సరేసరి. సుఖపడడం తప్పు కాదు. కాని ఎప్పుడో నాలుగు లైట్లకు, రెండు ఫ్యాన్లకు లాగిన తీగల మీదనే ఈ భారమంతా మోపుతున్నారు. బోర్డులో బ్రేకరు మాటిమాటికీ పడిపోతుంటే 16 ఆంపియర్లది పీకి 32 ఆంపియర్లది బిగిస్తున్నారు. ఇక బ్రేకరు పడదు. ఇంటాయన సంతోషిస్తాడు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

బ్రేకరు ఉన్నది ఏసీని కాపాడడానికి కాదు, గోడలో ఉన్న తీగను కాపాడడానికి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. అన్నే వాట్ల ఇండక్షన్ పొయ్యి మరో 9 లాగుతుంది. టన్నున్నర ఏసీకి 7, 8 కావాలి. మూడూ ఒకే లైనుపై నడిస్తే పాతిక ఆంపియర్లు. లైట్లకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ గోడ పైపులో ఉండి ఇంత మోయలేదు. 32 ఆంపియర్ల బ్రేకరుకేమో ఇది లెక్కలోనే లేదు. తీగపై తొడుగు లోలోపల మాడిపోతుంది. వాసన బయటికి వచ్చేసరికి జరగవలసింది జరిగిపోతుంది. పూర్వం ఫ్యూజు పోతే రాగి పోగులు నాలుగు మెలేసి చుట్టేవారు. వస్తువు మారింది గాని అలవాటు మారలేదు.

1.5 తీగకు 6 లేక 10 ఆంపియర్లు, 2.5 తీగకు 16, 4 తీగకు 20 పెట్టుకుంటే నిశ్చింత. గీజరుకు, ఏసీకి వేర్వేరు లైన్లు, వేర్వేరు బ్రేకర్లు ఉండాలి. కొత్త తీగకయ్యే ఖర్చు చూసి వెనుకాడేవారు ఏసీ కొనేటప్పుడే ఆ ఖర్చునూ కలుపుకోవాలి.

నీళ్ల మోటారు సంగతి వేరు. స్టార్టయ్యే క్షణంలో అది మామూలుకన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది. 'బి' రకం బ్రేకరు 3 నుంచి 5 రెట్లకే పడిపోతుంది. 'సి' రకం 5 నుంచి 10 రెట్ల వరకు తట్టుకుంటుంది. కనుక మోటారుకు మార్చవలసింది రకాన్ని, ఆంపియర్లను కాదు. ఈ అక్షరం బ్రేకరు మీదనే, అంకెకు ముందు ఉంటుంది. ఐఎస్ఐ ముద్ర లేని సరుకు చవకగా ఇచ్చినా తీసుకోరాదు.

ఇంతా చేసి, బ్రేకరు మనిషిని కాపాడదు. షాకు కొట్టి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. అంత చిన్న కరెంటు 6 ఆంపియర్ల బ్రేకరుకు కూడా తెలియదు. అందుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేరే ఉండాలి. దాని మీద ఉన్న టెస్టు మీట నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్లే. ఎర్తు గుంత సంగతీ అంతే. ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్లు పోసేవారు ఊరికి ఎందరున్నారు?

బోర్డు పెంచే ముందు విద్యుత్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో ఎన్ని బ్రేకర్లు మార్చినా, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు తీగ పాతదే అయితే అక్కడ కాలుతుంది. ఈ పని లైసెన్సున్న వైర్‌మన్ చేత చేయించాలి. మెయిన్ ఆపకుండా పెట్టె విప్పే పరిచయస్తుల చేత కాదు.