నారుమడిలో మిగిలిన మొక్కలు

ఆటల ముచ్చట్లు



ఈ నెల కమలాపురం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసిన అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ బడి క్రికెట్ జట్టుకు పదిహేనుమందిని ఎంచితే, అందులో అతని పేరు లేదట. ఇంట్లో పెద్దవాళ్ళు, "ఇకనైనా ఆ బ్యాటు అటక మీద పెట్టి పుస్తకం తియ్యి," అంటున్నారట. "ఒకసారి ఎంచకపోతే ఇక ఎప్పటికీ ఎంచరా? పెద్ద పెద్ద దేశాల్లో జట్లకు మనుషుల్ని ఎట్లా ఎంచుకుంటారు?" అని అడిగాడు.

ఇది ఒక్క అబ్బాయి ప్రశ్న కాదు. ఏ బడిలో జట్టు కట్టినా, ఎంపిక అయినవాళ్ళ కంటె కానివాళ్ళే ఎక్కువమంది ఉంటారు. అందుచేత ఈసారి మనుషుల్ని ఎంచటాన్నే ఒక శాస్త్రంగా చేసుకున్న ఆట గురించి చెబుతాను. దాని పేరు బేస్‌బాల్. అమెరికాలో దీనికి చాలా గిరాకీ. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు గుండ్రటి కర్రతో కొడతాడు. కొట్టినవాడు మైదానంలో నాలుగు మూలలా ఉన్న గుర్తులను వరసగా తాకుతూ చుట్టి వస్తే ఒక పరుగు. జట్టుకు తొమ్మిదిమంది. మన పాఠశాలల క్రీడాపోటీల్లో కూడా ఈ ఆట ఉన్నది.

మీరు వీధిలో జట్లు ఎట్లా కడతారు? సమానమైన ఇద్దరిద్దరు ఉజ్జీలుగా చేరి, దూరంగా పోయి, ఒకడు "పులి" అనీ ఇంకొకడు "సింహం" అనీ గుట్టుగా పేర్లు పెట్టుకుని వస్తారు. నాయకుడు "నాకు పులి" అంటే పులి అతని జట్టులోకి పోతుంది. ఎవరు పులో ముందు తెలియదు గనక పక్షపాతానికి చోటు లేదు. ఇది చాలా తెలివైన పద్ధతి.

అమెరికాలో ఇరవై ముప్ఫై జట్లు ఒకే కుర్రవాడి వెంట పడితే, డబ్బున్న జట్టే అతన్ని తన్నుకుపోయేది. అందుకని 1965లో ఒక ఏర్పాటు చేశారు. దాన్ని డ్రాఫ్టు అంటారు. అంటే వరసలో నిలబడి ఎంచుకోవటమన్నమాట. పోయిన ఏడు బాగా ఓడిపోయిన జట్టుకు ముందు ఎంచుకునే హక్కు, గెలిచిన జట్టుకు చివరి వంతు. బలహీనుడికి ముందు వడ్డించటం ఇందులోని న్యాయం. కాని మనుషులు గడుసువాళ్ళు! "ఓడిపోతే మంచి కుర్రవాడు దొరుకుతాడు గదా" అని కావాలని ఓడే జట్లుంటాయన్న అనుమానం వచ్చింది. దాంతో 2023 నుంచి మొదటి ఆరు స్థానాలకు చీట్లు తీస్తున్నారు. ఇప్పుడు 30 జట్లు, 20 విడతలు. రెంటినీ హెచ్చించి చూడండి, ఏటా సుమారు ఎంతమందిని ఎంచుతారో తెలుస్తుంది.

సరే, వంతు వచ్చింది. ఎవర్ని ఎంచాలి? ఇక్కడే అసలు చిక్కు. జట్టులో ఏ స్థానం ఖాళీగా ఉన్నదో చూసి దానికి తగినవాణ్ణి తీసుకోవాలా? లేక స్థానం సంగతి మరిచి, ఉన్నవాళ్ళలో అందరికంటె దిట్టను తీసుకోవాలా?

1966లో మొదటి వంతు న్యూయార్క్ మెట్స్ జట్టుకు వచ్చింది. వాళ్ళు స్టీవ్ చిల్‌కాట్ అనే కుర్రవాణ్ణి ఎంచారు. అతను క్యాచరు, అంటే మన వికెట్ కీపరు లాంటివాడు. రెండో వంతు వచ్చిన కాన్సాస్ సిటీ జట్టు రెజీ జాక్సన్ అనేవాణ్ణి ఎంచుకున్నది. తరవాత ఏం జరిగింది? చిల్‌కాట్‌కు మరుసటి ఏడే భుజం దెబ్బతిన్నది. పాపం, అతను పెద్ద జట్టులో ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. రెజీ జాక్సన్ మైదానం దాటేట్టు 563 సార్లు బంతిని కొట్టి, ఆటలో చిరస్థాయి కీర్తి సంపాదించాడు.

దీన్ని బట్టి చాలామంది ఒక పాఠం నేర్చుకున్నారు. పద్దెనిమిదేళ్ళవాడు పెద్ద జట్టులోకి రావటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈ రోజు ఖాళీగా ఉన్న స్థానం అప్పటికి ఖాళీగా ఉంటుందా? ఉండకపోవచ్చు. అందుచేత మొదటి విడతల్లో దిట్టను చూసి తీసుకుంటారు, అవసరాల సంగతి తరవాత చూసుకుంటారు. బంతి విసిరేవాళ్ళను మాత్రం ఎక్కువమందిని ఎంచుతారు. ఎందుకంటే వాళ్ళ మోచేతులూ భుజాలూ తొందరగా దెబ్బతింటాయి. పదిమందిని పెంచితే ఇద్దరు ముగ్గురు నిలుస్తారేమో!

ఎంచిన కుర్రవాళ్ళను వెంటనే పెద్ద ఆటలోకి దింపరు. వాళ్ళను పెంచటానికి వేరే జట్లు ఉంటాయి. వాటికి అమెరికావాళ్ళు పెట్టుకున్న పేరు విన్నారంటే మన రైతులు నవ్వుతారు. "ఫారం" అంటారు వాటిని. అంటే సేద్యపు క్షేత్రం!

ఆ పేరు బాగానే కుదిరింది. కె.సి. కాలువ కింద వరి పండించే రైతు ఏం చేస్తాడు? ఒక మూల చిన్న మడిలో నారు పోస్తాడు. పొలానికి సరిగ్గా సరిపోయేంత పోస్తే చాలదు. కొంత కుళ్ళిపోతుంది, కొంత పురుగు తింటుంది, నాటినదాంట్లో కొంత బతకదు. అందుకని కాస్త ఎక్కువే పోస్తాడు. నాటు అయిపోయాక కూడా నారుమడిలో నాలుగు పిడికెళ్ళు మిగిలి ఉంటాయి. పొలంలో ఎక్కడ మొక్క చచ్చిందో అక్కడ వీటిని పెడతాడు. కోతనాడు చూస్తే, ముందు నాటినది ఏదో మిగిలిన నారు ఏదో ఎవరికీ తెలియదు. అమెరికాలో ఒక జట్టు బలాన్ని అంచనా వేసేవాళ్ళు పైన ఆడేవాళ్ళను మాత్రమే చూడరు. వెనక నారుమడి ఎంత దట్టంగా ఉన్నదో కూడా చూస్తారు.

ఈ నారుమళ్ళను మొదట పోసినవాడు బ్రాంచ్ రికీ అనే ఆయన. సుమారు నూరేళ్ళ కిందట ఆయన సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టును నడిపేవాడు. ఆ జట్టు దగ్గర డబ్బు లేదు. చిన్న ఊళ్ళ జట్లలో ఎవరైనా బాగా ఆడితే ధనిక జట్లు కొనుక్కుపోయేవి. "కొనలేకపోతే పండించుకుందాం," అనుకున్నాడు రికీ. చిన్న ఊళ్ళ జట్లను ఒక్కటొక్కటిగా తన చేతి కిందికి తెచ్చుకున్నాడు. 1926లో ఆ పేద జట్టు దేశంలోకెల్లా పెద్ద పోటీ గెలిచింది. ఇప్పుడు ప్రతి పెద్ద జట్టుకూ సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని నాలుగు మెట్లు ఉన్నాయి. వాటి కింద కొత్తవాళ్ళకు మరొక మెట్టు ఉన్నది. పైన ఆడే జట్టులో 26 మంది ఉంటే, ఈ మెట్ల మీద ఉండేవాళ్ళు వందకు పైమాటే.

ఈ నారుమడి నుంచి వచ్చినవాడే మైక్ పియాజా. 1988లో ఇతన్ని 62వ విడతలో ఎంచారు. అతని కంటె ముందు 1,389 మంది పేర్లు పిలిచారు! అంతమంది తరవాత పిలిచినవాడి మీద ఎవరికి ఆశ ఉంటుంది? తండ్రి స్నేహితుడైన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ శిక్షకుడు చెప్పబట్టి తీసుకున్నారు, అంతే. ఆ కుర్రవాడు కొత్తగా క్యాచరు పని నేర్చుకున్నాడు, ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. 1993లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడని పేరు పొందాడు. 2016లో బేస్‌బాల్ మహనీయుల జాబితాలో అతని పేరు చేరింది.

అయితే నారుమడికి రెండో వైపు కూడా ఉన్నది. అది చెప్పకపోతే కథ సగమే అవుతుంది. పైకి పోనివ్వకుండా, వేరే జట్టుకు వదలకుండా కుర్రవాళ్ళను ఏళ్ళ తరబడి కట్టిపడేసిన రోజులున్నాయి. 1938లో ఆట పెద్దగా ఉన్న న్యాయమూర్తి లాండిస్, రికీ నారుమళ్ళలో ఉన్న డెబ్బైమందికి పైగా ఆటగాళ్ళను విడిపించాడు. జీతాలు చాలక ఇబ్బంది పడ్డవాళ్ళు ఎందరో. 2021లో ఖర్చు తగ్గించుకోవటానికి 160 చిన్న జట్లను 120కి కుదించారు. 2022లో చిన్న జట్లవాళ్ళంతా ఒక సంఘంగా చేరారు, మరుసటి ఏడు జీతాల ఒప్పందం కుదుర్చుకున్నారు. మొక్కకు నీళ్ళు పొయ్యకుండా కంకి అడగకూడదు గదా!

ఇంకొక సంగతి. విత్తనాలన్నీ ఒకే గాదెలోంచి తీస్తే పంట ఎంత పండుతుంది? ఆ రోజుల్లో నల్లవాళ్ళను పెద్ద జట్లలోకి రానిచ్చేవారు కారు. తరవాత బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు వెళ్ళిన రికీ ఈ గోడ పడగొట్టాడు. 1945లో జాకీ రాబిన్‌సన్‌ను తీసుకున్నాడు. 1946లో అతను మాంట్రియల్‌లోని ఫారం జట్టులో ఆడాడు. 1947 ఏప్రిల్ 15న పెద్ద ఆటలో అడుగు పెట్టాడు. ఎంత అవమానం జరిగినా ఓర్చుకుని ఆడాడు. అంతకు ముందు ఎందరు రాబిన్‌సన్‌లు ఎవరి కంటా పడకుండా పోయారో!

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. ఉత్తరం రాసిన అబ్బాయికి ఈ సంగతి ఇంకా దగ్గరిది. కమలాపురం నియోజకవర్గంలోనే వీరపునాయునిపల్లె మండలం ఉన్నది. ఆ మండలంలో ఎర్రమల్లె అనే పల్లె నుంచి వచ్చింది నల్లపురెడ్డి శ్రీచరణి. వానను నమ్ముకుని శెనక్కాయలు వేసే సీమ అది. పల్లెటూరి ఆడపిల్ల క్రికెట్ ఆడితే చూసిపోవటానికి ఎవరు వస్తారు? ఆమె మొదట క్రికెట్‌లో లేదు కూడా. బ్యాడ్మింటన్, ఖోఖో ఆడింది, పరుగు పందాలలో పాల్గొన్నది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ళ వయసు వచ్చాకనే. "ఇంత ఆలస్యంగానా?" అని పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేది?

మన దేశంలో డ్రాఫ్టు లేదు, వేలం ఉన్నది. నారుమడి మాత్రం ఉన్నది. జిల్లా జట్లు, వయసులవారీ రాష్ట్ర జట్లు, ఆపైన ఆంధ్ర జట్టు. శ్రీచరణి ఆ మడిలో పెరిగింది. ఆడవాళ్ళ ప్రీమియర్ లీగ్ 2023లో గాని మొదలు కాలేదు. మగవాళ్ళది 2008లోనే వచ్చింది! 2024 డిసెంబరులో జరిగిన వేలంలో ఆమె పేరు 10 లక్షలకు పెడితే, ఢిల్లీ జట్టు 55 లక్షలకు తీసుకున్నది. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో భారత జట్టు తరఫున మొదటి ఆట ఆడింది. జూన్ 28న ఇంగ్లండ్ మీద తన మొదటి ఇరవై ఓవర్ల ఆటలోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. అదే ఏడు మన ఆడవాళ్ళు నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ఆ పోటీలో ఎడమచేతి స్పిన్‌తో శ్రీచరణి తీసిన వికెట్లు 14. ఆ నెలాఖరున జరిగిన వేలంలో ఢిల్లీ ఆమెను మళ్ళీ 1 కోటి 30 లక్షలకు తీసుకున్నది.

పాపాగ్ని నదిని చూశారు గదా! చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించదు. కాని చెలమ తవ్వితే నీళ్ళు ఊరతాయి. సీమ పిల్లల్లోని దిట్టతనం కూడా అటువంటిదే. తవ్వేవాళ్ళు ఉండాలి.

ఇక ఆ అబ్బాయికి జవాబు. నాయనా, నిన్ను ఈసారి ఎంచలేదు, నిజమే. అది ఈ ఏటి తీర్పు, జన్మకు తీర్పు కాదు. ఎత్తు ఒక ఏడులో పెరుగుతుంది. బంతిని చూసే చూపు, చెప్పింది వినే గుణం రోజూ పెరుగుతాయి. కాని నీకు పియాజా కథా, శ్రీచరణి కథా చెప్పి వదిలేస్తే మోసం చేసినట్టవుతుంది. ఏటా ఎంచిన వందలమందిలో పెద్ద ఆట దాకా పోయేది కొందరే. మొదట ఎంచిన చిల్‌కాట్ కూడా పోలేకపోయాడు. అందుచేత ఆటా మానకు, పుస్తకమూ మానకు. అమెరికాలో కూడా పద్దెనిమిదేళ్ళకు ఎంచిన కుర్రవాడు "ఇప్పుడు కాదు, చదువుకుని వస్తాను" అని కాలేజీకి పోవచ్చు. మూడేళ్ళ తరవాత అతన్ని మళ్ళీ ఎంచవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బ్యాటు అటక మీద పెట్టించకండి. సాయంత్రం ఒక గంట మైదానానికి పోనివ్వండి. ఆడపిల్ల అడిగినా పోనివ్వండి. జట్టులో చోటు దొరకకపోయినా ఆ గంట వృథా కాదు. ఇక బడిలో జట్టు ఎంచే పెద్దలకు మనవి ఏమంటే, పదిహేనుమంది పేర్లు రాసిన కాగితం కిందనే మిగిలినవాళ్ళ పేర్లు కూడా రాసి ఉంచండి. వాళ్ళే మీ నారుమడి.

చేసి చూడండి: చింతగింజలు 6, 5, 4, 3, 2, 1 చొప్పున ఆరు కుప్పలు పెట్టండి. ఒక్కొక్క కుప్ప ఒక్కొక్క ఆటగాడనుకోండి. ఇద్దరు నాయకులు వంతులవారీగా పెద్ద కుప్పను తీసుకుంటూ పోతే, ముందు తీసినవాడికి 12 గింజలు, రెండోవాడికి 9 వస్తాయి. ఇప్పుడు వరస మార్చండి. మొదటివాడు ఒకటి, రెండోవాడు రెండు, మళ్ళీ మొదటివాడు రెండు, చివరిది రెండోవాడు. ఈసారి ఎవరికెన్ని వచ్చాయి? ఏ వరస న్యాయం? రేపు వీధిలో జట్లు కట్టేటప్పుడు ఆలోచించండి!